నిండు బరువుతో టెస్ట్ డ్రైవ్

కారు చచ్చిపోయింది. అది కూడా పళ్ళ డాక్టరు మాకు కొద్ది గజాల ముందు ఉండగా, గ్రీన్ సిగ్నల్ పడిన క్షణంలో.

మా ఆయన తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా రాలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ముందున్న తెల్ల కారు తాపీగా కుడివైపు తిరిగి మాయమైంది.

"ముందు హజార్డ్ లైట్లు వెయ్యాలి," అన్నాడు మా ఆయన, వేస్తూ. "రోడ్డు మధ్యలో బండి ఆగితే మొట్టమొదట చెయ్యాల్సిన పని అదే."

"బావా, ఆయన పోయాడు!" వెనక సీట్లోంచి కెమెరా ఊపుతూ మా తమ్ముడు అరిచాడు.

"పోతే పోనీరా. వెనక నించి లారీవాడు గుద్దితే మనం పోతాం."

నేను తల పట్టుకున్నాను. ఆ వారంలో ఎన్నిసార్లు పట్టుకోబోతున్నానో అప్పటికి తెలియదు.

మాది డిటెక్టివ్ ఏజెన్సీ. ఆ మాట వినగానే మీ కళ్ళముందు నల్ల కోట్లూ, పిస్తోళ్ళూ కదిలితే ఆ తప్పు నాది కాదు. మా ఆఫీసు ఒక టైలర్ షాపు పైన ఒకే ఒక్క గది. కింద మిషన్ కుడుతున్నప్పుడు మా బల్ల మీద కప్పులు వణుకుతాయి. సిబ్బంది ముగ్గురం. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం మానేసి నేను పెట్టాను దీన్ని. మా ఆయన అంతకుముందు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. ఆ అలవాటు పోలేదు. ఒకణ్ణి వెంటాడుతున్నప్పుడు కూడా ఇండికేటర్ వేసి, అద్దం చూసి, పక్కవాళ్ళకి దారిచ్చి మరీ వెంటాడతాడు. మా తమ్ముడికి ఫోటోలు తియ్యడం వచ్చు, వేగమంటే పిచ్చి. ఇంతకు మించి అతని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అప్పుడు మా చేతిలో ఉన్న కేసు ఒక స్విమ్మింగ్ కోచ్‌ది. ఆమెని ఎప్పుడు చూసినా జుట్టు తడిగానే ఉంటుంది. పళ్ళ డాక్టరైన భర్తతో విడిపోయి ఏడాది దాటింది. ఆరేళ్ళ కూతురు తండ్రి దగ్గర ఉంటోంది. ఆదివారాలు తల్లి దగ్గర గడపాలని కోర్టు చెప్పింది. రెండు నెలలుగా ఒక్క ఆదివారం కూడా పాప రాలేదు. పాప ఊళ్ళో లేదనీ, ఎక్కడో దూరాన తన పెద్దమ్మ ఇంట్లో ఉండి అక్కడే చదువుకుంటోందనీ డాక్టరు చెబుతున్నాడు. కోర్టుకీ అదే చెప్పాడు. ఇక శాశ్వతంగా అక్కడే ఉంచడానికి అనుమతి ఇమ్మని అడిగాడు. సోమవారం విచారణ.

"అది ఈ ఊళ్ళోనే ఉందండీ," అంది కోచ్, ఆమె జుట్టులోంచి మా బల్ల మీదకి చుక్కలు పడుతుండగా. "మొన్న ఫోన్లో 'వానలో తడిశానమ్మా' అంది. వెంటనే ఆయన ఫోన్ లాగేసుకున్నాడు. ఆ రోజు వాన పడింది ఇక్కడే. ఆయన చెప్పే చోట ఎండ కాస్తోంది, కనుక్కున్నా."

"ఆ మాట జడ్జిగారితో చెప్పొచ్చు కదా?"

"చెప్పా. స్నానాన్ని పిల్ల వాన అనుకుందేమో అన్నాడు వాళ్ళ లాయరు." ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. "నాకు ఒక్క ఫోటో కావాలి. ఈ ఊళ్ళో, ఈ వారంలో, నా పిల్ల ఉన్నట్టు. అది లేకపోతే సోమవారం ఆయనకి అనుమతి వచ్చేస్తుంది. ఆ తర్వాత నా కూతుర్ని నేను సెలవుల్లో చుట్టపుచూపుగా చూసి రావాల్సిందే."

వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది.

"జుట్టు కత్తిరించి ఉండొచ్చు. కళ్ళజోడు పెట్టి ఉండొచ్చు. ఒకటి మాత్రం మారదు. కారులో వెళ్ళేటప్పుడు వంతెన కింద ఊపిరి బిగబట్టేస్తుంది. నీళ్ళంటే భయం పోవడానికి నేనే అలవాటు చేశా. బయటపడేదాకా ఛస్తే వదలదు, మొండిఘటం."

డాక్టరు మధ్యాహ్నం క్లినిక్ మూసి ఎక్కడికో వెళుతున్నాడని మేము పసిగట్టాం. వెంటపడితే పాప దొరుకుతుంది. వెంటపడడానికి కారు కావాలి. ఆ కారు ఇప్పుడు మెకానిక్ షెడ్డులో బానెట్ తెరుచుకుని ఆవులిస్తోంది.

"సామాను బయట నుంచి రావాలమ్మా. వచ్చే వారం," అన్నాడు మెకానిక్. "అయినా ఎన్నాళ్ళు లాగుతారు దీన్ని? ఇంకోటి చూసుకోండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"డీజిల్," అన్నాడు మా ఆయన అక్కడికక్కడే. "ఏడు సీట్లది. వెనక సీట్లు మడిస్తే నిచ్చెన కూడా పడుతుంది. ఎంత గతుకైనా, ఎంత ఎత్తైనా ఎక్కేస్తుంది."

"నిచ్చెన ఎందుకు బావా, మనమేమైనా గోడలకి సున్నం వేస్తామా?" అన్నాడు తమ్ముడు. "పెట్రోల్ టర్బో తీసుకుందాం. కాలు అలా పెడితే ఇలా ఎగరాలి. మన పని వెంటాడడం. ఆవులు తోలడం కాదు."

"కరెంటు కారు," అన్నాను నేను. "మనం వెంటాడేది తక్కువ, ఎవడి గేటు ముందో కాపు కాసేది ఎక్కువ. ఇంజను ఆపితే ఉడికిపోతాం, ఆపకపోతే వీధంతా వింటుంది. అదైతే చప్పుడు చెయ్యకుండా చల్లగా కూచోవచ్చు."

"చార్జింగ్ అయిపోతే?" అన్నాడు తమ్ముడు.

"నీ టర్బో తాగినంత పెట్రోలు మనం మంచినీళ్ళు కూడా తాగంరా!" అన్నాడు మా ఆయన.

"డీజిల్ వాసనకే మనం వస్తున్నట్టు తెలిసిపోతుంది బావా."

మెకానిక్ పనిముట్టు కిందపెట్టి మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. ట్యాక్సీ మాట్లాడుకుందామంటే అదీ జరిగే పని కాదు. ఇదివరకు ఇలా ఒకసారి ఎక్కితే రెండో మలుపులోనే డ్రైవరు వెనక్కి తిరిగి, "మేడం, ముందు కారులో ఉన్నది మీ ఆయనేనా?" అని జాలిగా అడిగాడు. ఊరంతా చెప్పి ఉంటాడు.

అప్పుడు మా ఆయనకి ఆలోచన వచ్చింది. పెళ్ళయ్యాక ఆయనకి వచ్చిన ఆలోచనల్లో ఇదే పెద్దది.

"టెస్ట్ డ్రైవ్ చేద్దాం. రోజుకో కారు. కొనబోయేది చూసినట్టూ ఉంటుంది, డాక్టర్ని వెంటాడినట్టూ ఉంటుంది. రోజూ కారు మారుతుంది కాబట్టి ఆయనకి అనుమానమే రాదు."

ఎంత వెదికినా అందులో లోపం కనపడలేదు. అది నా లోపం.

*

అన్ని కంపెనీల కార్లూ అమ్మే పెద్ద షోరూం అది. అద్దాల గోడలు, లోపల కొత్త రబ్బరు వాసన. సేల్స్‌మన్ పసుపు టై కట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మా తమ్ముడు ఆయనకి అక్కడే టైబాబు అని పేరు పెట్టేశాడు.

"కరెంటు కారు చూస్తాం. కాస్త దూరం నడపాలి," అన్నాను.

"తప్పకుండా మేడం! నేనూ వస్తాను."

"మీరెందుకండీ, శ్రమ."

"కస్టమరు ఒంటరిగా వెళ్ళకూడదు మేడం, రూలు. ముందు ఒక్క ఫోటో!"

ఆ షోరూంలో అదొక పద్ధతి. కారు ఎక్కేముందో దిగాకో ప్రతి కస్టమరుకీ ఒక అట్ట ఇస్తారు. దాని మీద షోరూం పేరు, ఆ రోజు తేదీ, 'ఈ రోజు నేను నడిపి చూశాను!' అనే మాట. అది పట్టుకుని నవ్వాలి. ఆ ఫోటో నెట్‌లో వాళ్ళ పేజీలో పెడతారు. మొహం ఎవరికీ గుర్తుండకపోవడమే మా వృత్తి. నేను అట్టని ముక్కు దాకా ఎత్తి పట్టుకున్నాను.

"కొంచెం కిందకి మేడం! ఆ నవ్వు దాచుకోకండి!"

నేను నవ్వడం లేదు.

మేము చేరేసరికి డాక్టరు క్లినిక్ మూసి బయల్దేరాడు. మా ఆయన స్టీరింగ్ పట్టాడు. నా ఎంపిక ఎంత సరైనదో తెలిసిపోయింది. చడీ చప్పుడూ లేదు. డాక్టరు వెనకాలే పిల్లిలా పోతున్నాం. చప్పుడంతా టైబాబుదే.

"ఈ సీటు చల్లబడుతుంది మేడం. ఈ అద్దం దానంతటదే మసకబడుతుంది. ఈ గొంతు విన్నారా, పాట పెట్టమంటే పెడుతుంది."

"నోరు మూసుకోమంటే మూసుకుంటుందా?" అన్నాను.

"ఓ, బ్రహ్మాండంగా!" అన్నాడు, ఆయన మాత్రం మూసుకోకుండా.

నది దాటే వంతెన దగ్గరికి వచ్చేసరికి మా ఆయన కారు వేగం తగ్గించాడు.

"బ్యాటరీ ఎర్రగా చూపిస్తోంది."

"పొద్దుట్నించీ అందరూ నడిపారు కదా సార్," అన్నాడు టైబాబు నవ్వు చెదరకుండా. "ఇక్కణ్ణించి షోరూంకి సరిగ్గా సరిపోతుంది."

"ముందుకెళితే?"

"తోసుకురావాలి సార్."

డాక్టరు వంతెన దాటి అవతలి ఒడ్డున కొండవైపు రోడ్డెక్కడం కళ్ళారా చూస్తూ వెనక్కి తిరిగాం. దారంతా తమ్ముడు ఒక్క మాటా అనలేదు. ఈల వేశాడు. అది ఇంకా ఘోరం.

*

శుక్రవారం తమ్ముడి వంతు. ఎర్రటి టర్బో. స్టార్ట్ చెయ్యగానే క్లినిక్ ఎదురుగా టీ తాగుతున్నవాళ్ళంతా తలలు తిప్పారు. డాక్టరు కారు కదలగానే తమ్ముడు కాలు పెట్టాడు. నా వీపు సీటుకి అంటుకుపోయింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి మేము డాక్టరుకి ముందున్నాం.

"ఒరేయ్! వెంటాడడమంటే వెనక ఉండాలిరా!"

"దీనికి వెనక ఉండడం రాదక్కా!"

"ఇండికేటర్ వెయ్యకుండా దాటావు," అన్నాడు మా ఆయన ముందు సీట్లోంచి. "అది నేరం."

సిగ్నల్ పడింది. డాక్టరు కారు వచ్చి సరిగ్గా మా పక్కనే ఆగింది. వెనక సీట్లో టైబాబు పక్కన ఉన్న నేను చెప్పు సర్దుకుంటున్నట్టు కిందకి వంగాను. డాక్టరు అద్దం దించాడు. నున్నగా గీసుకున్న గడ్డం, మెత్తటి గొంతు. అంత మర్యాదస్తుడి మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టం.

"ఎలా ఉంది బ్రదర్, పికప్?"

"ఎగిరిపోతోంది సార్!" అన్నాడు నా తోడబుట్టినవాడు.

"నిన్న కరెంటుది, ఇవాళ ఇది. రెండు రోజులుగా మీ షోరూం కార్లే నా చుట్టూ తిరుగుతున్నాయి."

"షోరూం కార్లని మీకెలా తెలిసింది సార్?"

డాక్టరు నవ్వి, మా తలుపు వైపు వేలు చూపించాడు. "అంత పెద్ద అక్షరాలు పెట్టుకుంటే తెలీదా? అవునూ, వీళ్ళ దగ్గర పెద్ద కార్లు కూడా ఉన్నాయా?"

ఆ మాట కోసమే పుట్టినట్టు టైబాబు నన్ను దాటి, నా తల మీద మోచెయ్యి ఆనించి, కిటికీలోంచి తన కార్డు అందించాడు. "ఉన్నాయి సార్! ఏడు సీట్లది, డీజిల్! ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి, ఇంటికే తెస్తాం!"

పచ్చ లైటు పడింది. డాక్టరు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. కారు పక్కకి ఆపించి దిగి చూశాను. ఎడమవైపు తలుపుల మీదా, వెనకవైపు నిలువెత్తునా పసుపు అక్షరాలు: 'టెస్ట్ డ్రైవ్! నన్ను నడిపి చూడండి!' కింద ఫోన్ నంబరు.

రెండు రోజులు. మేము ముగ్గురం కారు లోపల సీట్లూ, డిక్కీ, మీటర్లూ చూసుకుంటూ, టైబాబు తెరిచి పట్టుకున్న తలుపుల్లోంచి ఎక్కాం, దిగాం. బయట ఏం రాసుందో చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఇతరుల రహస్యాలు కనిపెట్టి బతికేవాళ్ళం మేము.

"కరెంటు దానికి కూడా ఉందా?" అన్నాను.

"దానికి పైకప్పు మీద కూడా ఉంది మేడం!" గర్వంగా అన్నాడు టైబాబు.

ఆ సాయంత్రం ఆఫీసులో కూలబడ్డాం. కింద మిషన్ కుడుతోంది, కప్పులు వణుకుతున్నాయి. డాక్టరు మమ్మల్ని దగ్గర నించి చూసేశాడు. ఇక వెంటపడే దారి లేదు. కోచ్ ఫోన్ చేసింది.

"ఏమైనా తెలిసిందా అండీ?"

"నది అవతల, కొండవైపు," అన్నాను. అక్కడ కొత్తగా కట్టిన ఇళ్ళు వందలున్నాయని ఆమెకీ తెలుసు.

"ఇంకా శనివారం ఉంది కదండీ," అంది. ఓదార్చాల్సింది నేను. ఆమె నన్ను ఓదార్చింది.

*

శనివారం పొద్దున్నే టైబాబు నుంచి ఫోన్.

"మేడం, డీజిల్ కూడా చూస్తామన్నారు కదా! ఇవాళ వస్తారా? మీ ముగ్గురూ తప్పకుండా రావాలి."

"మాకు మూడ్ లేదండీ."

"అలా అనకండి మేడం. అసలు విషయం ఏంటంటే, ఒక సారు ఇంటికి కారు తెమ్మన్నారు. వాళ్ళ ఇల్లు కొండ మీద. బాగా ఎత్తు రోడ్డట. నిండా మనుషులుంటే ఎక్కుతుందా లేదా చూపించమన్నారు. మా స్టాఫ్‌కి శనివారం ఊపిరాడదు. మీరు వస్తే బరువుకి బరువూ ఉంటుంది, మీరు చూసినట్టూ ఉంటుంది."

పదేళ్ళ వృత్తి జీవితంలో నన్ను బరువని పిలిచినవాడు అతనొక్కడే. ఫోన్ పెట్టెయ్యబోయాను.

"పైగా పిల్లల సీటు కూడా బిగించి తెమ్మన్నారు. ఒక్క సీటు కోసం పొద్దుట్నించీ తిరుగుతున్నా మేడం."

నా చెయ్యి ఆగింది.

"ఎవరా సారు?"

"మొన్న... కాదు, నిన్న సిగ్నల్ దగ్గర కార్డు ఇచ్చాను చూడండి, ఆయనే. పళ్ళ డాక్టరట."

కూతురు ఈ ఊళ్ళోనే లేదని కోర్టుకి చెప్పిన మనిషి. పిల్లల సీటు.

"వస్తున్నాం," అన్నాను. "ముగ్గురం. అవసరమైతే టిఫిన్ ఎక్కువ తిని వస్తాం."

బయల్దేరేముందు ఇద్దరికీ ఒకటే చెప్పాను: మనం కారు కొనుక్కునే కుటుంబం, అంతే. కెమెరా ఇంట్లోనే ఉండాలి. ఫోన్‌తో తియ్యాలి, అదీ నేను సైగ చేస్తేనే.

"నటించడం నాకు రాదే," అన్నాడు మా ఆయన.

"డీజిల్ గురించి మాట్లాడండి చాలు."

*

కొండ మీద ఆఖరి మలుపులో లేత నీలం ఇల్లు. గేటు లోపల చిన్న సైకిల్ పడి ఉంది. డాక్టరు బయటికి వచ్చాడు. తమ్ముణ్ణి చూసి మొహం విప్పారింది.

"అరె, మీరా! టర్బో వదిలేసి ఇటొచ్చారా?"

"ఇంట్లో ఒప్పుకోలేదు సార్," అన్నాడు తమ్ముడు. జీవితంలో మొదటిసారి వాడి నోట అవసరమైన మాట వచ్చింది.

డాక్టరు లోపలికి తిరిగి పిలిచాడు. "రామ్మా, కొత్త కారెక్కుదాం."

పాప వచ్చింది. జుట్టు నిజంగానే పొట్టిగా కత్తిరించారు. కోచ్ మాకిచ్చిన పాత ఫోటోకీ ఈ పిల్లకీ పోలికలు ఉన్నాయనుకుంటే ఉన్నాయి, లేవనుకుంటే లేవు. ఎవరో చుట్టాల పిల్ల అయితే? సోమవారం కోర్టులో కోచ్ పరువూ, మా పరువూ కలిసి పోతాయి.

డాక్టరు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కన టైబాబు. మధ్య వరుసలో పిల్లల సీట్లో పాప, ఆ పక్కన నేను. నా అవతల, ఏడో మనిషికి బదులు షోరూం నించి తెచ్చిన లారీ బ్యాటరీ ఒకటి. వెనక వరుసలో మోకాళ్ళు గడ్డాలకి ఆనించుకుని మా ఆయనా, తమ్ముడూ. ఆ రోజు కారులో అందరికన్నా బుద్ధిగా కూర్చున్నది బ్యాటరీయే.

"టార్క్ చూశారా సార్, ఇంజను బలం?" అన్నాడు టైబాబు.

"డీజిల్ అంటే అదే మరి," వెనకనించి మా ఆయన. "కాకపోతే ఈ మలుపులో హారన్ కొట్టాలి."

డాక్టరు నవ్వి హారన్ కొట్టాడు.

అప్పుడు నా ఫోన్ మోగింది. ఒళ్ళోనే ఉంది. తెర మీద పెద్దగా 'కోచ్'. పాప తల వంచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"కో...చ్. మా అమ్మ కూడా కోచే!"

అద్దంలో డాక్టరు కళ్ళు పైకి లేచాయి. నన్ను చూశాయి. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

"ఎవరికండీ కోచింగ్?" అదే మెత్తటి గొంతు. కానీ కారు వేగం తగ్గింది.

నేను ఫోన్‌ని ఒళ్ళో బోర్లించాను.

"నాకే సార్," అన్నాడు తమ్ముడు వెనకనించి. "డ్రైవింగ్ కోచింగ్. నిన్న నా డ్రైవింగ్ మీరు చూశారు కదా."

"ఎంత చెప్పినా రాదండీ వీడికి," అన్నాడు మా ఆయన, మనసు లోతుల్లోంచి. "ఇండికేటర్ అనేది ఒకటుందనే తెలీదు."

అది నటన కాదు కాబట్టే పనికొచ్చింది. డాక్టరు పగలబడి నవ్వాడు. నేను ఫోన్ నొక్కేశాను.

కొండ దిగాక రైలు వంతెన వచ్చింది. కారు దాని నీడలోకి దూరింది. పక్కన మాటలు ఠక్కున ఆగిపోయాయి. తిరిగి చూశాను. పాప బుగ్గలు రెండూ పూరించి, కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి కూర్చుంది. మళ్ళీ ఎండ పడగానే "హా!" అని వదిలేసి, నావైపు గెలిచినట్టు చూసింది.

"ఎవరు నేర్పారు?" అన్నాను చాలా మెల్లగా.

"చెప్పకూడదు," అంది, అంతకన్నా మెల్లగా.

తిరుగుదారిలో కారు నిండు బరువుతో కొండని అవలీలగా ఎక్కేసింది. వెనకనించి మా ఆయన విజయగర్వం నా మెడకి తగులుతూనే ఉంది. నీలం ఇంటి ముందు దిగాం. తమ్ముడికి సైగ చేశాను. వాడు జేబులో చెయ్యి పెట్టాడు. మళ్ళీ ఇంకో జేబులో పెట్టాడు. మొహం పాలిపోయింది.

"అక్కా," అన్నాడు పళ్ళ మధ్యనించి, "ఫోను సీటు సందులో పడిపోయింది."

నా ఫోను పైకెత్తితే డాక్టరు చూస్తాడు. అప్పటికే పాపని "లోపలికి పద" అంటున్నాడు. అయిపోయింది. ఎదురుగా ఉంది పిల్ల, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ముగ్గురం వెధవల్లా నిలబడ్డాం.

"సార్, ఒక్క ఫోటో!" టైబాబు డిక్కీలోంచి అట్ట తీశాడు.

"వద్దండీ," అన్నాడు డాక్టరు.

"రూలు సార్!"

"సరే, నన్నొక్కణ్ణే తియ్యండి. పాప వద్దు."

"ఫ్యామిలీ కారు సార్! పాప లేకుండా ఎలా? ఇదిగో తల్లీ, నువ్వే పట్టుకో!"

అట్ట పాప చేతికి వెళ్ళింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, ముందుపళ్ళు ఊడిన నోరు వెడల్పుగా తెరిచి నవ్వింది. వెనక కారు, పక్కన తండ్రి, అట్ట మీద షోరూం పేరు, శనివారం తేదీ. క్లిక్.

"ఎక్కడా పెట్టకండి," అన్నాడు డాక్టరు, గొంతు మారి.

"అలాగే సార్," అన్నాడు టైబాబు ఫోన్ నొక్కుతూ. తర్వాత కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "అంటే... పెట్టేశాను సార్. చేతి అలవాటు. సాయంత్రం తీసేస్తా లెండి."

సాయంత్రం దాకా ఎవరాగుతారు? కొండ దిగేలోపే పేజీ తెరిచి దాచుకున్నాను. తర్వాత కోచ్‌కి ఫోన్ చేశాను. ఫోటో కూడా పంపాను. అది చూసి, "ముందుపళ్ళు ఎప్పుడు ఊడాయో," అంది.

*

సోమవారం కోర్టులో పెద్దగా ఏమీ జరగలేదు. పాప దూరాన పెద్దమ్మ ఇంట్లో హాయిగా చదువుకుంటోందని డాక్టరు లాయరు చెప్పాడు. కోచ్ తరఫు లాయరు ఫోటో అందించాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఈ టెస్ట్ డ్రైవ్ అంత దూరం వెళ్ళిందా?" అని అడిగింది.

డాక్టరుకి అనుమతి రాలేదు. ఆదివారాలు తల్లివే, ఈ ఆదివారం నించే, అడ్డుపడితే పరిణామాలు వేరుగా ఉంటాయి అని చెప్పింది. బయటికి వచ్చాక కోచ్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రోజు ఆమె జుట్టు పొడిగా ఉంది. కళ్ళే తడిగా ఉన్నాయి.

మధ్యాహ్నానికి టైబాబు ఫోన్. "మేడం, ఆ డాక్టరు సారు డీజిల్ వద్దన్నారు. నన్ను ఏవేవో అన్నారు. నేనేం చేశానో నాకే తెలీదు. కనీసం మీరైనా తీసుకుంటారు కదా?"

తీసుకోవాలి. అది న్యాయం. కానీ ఏది? వారమంతా అదే గొడవ. కొండ ఎక్కింది డీజిలే అంటాడు మా ఆయన. సిగ్నల్ దగ్గర డాక్టరు మనల్ని పలకరించేలా చేసింది ఎర్ర కారే కదా అంటాడు తమ్ముడు. కరెంటు కారుకి రాత్రంతా చార్జింగ్ పెట్టి ఉంటే మొదటి రోజే ఇల్లు దొరికేదంటాను నేను. మూడూ నిజాలే కావడం వల్ల ఎవరం తగ్గలేదు. ఈలోపు ముసలి కారు బాగై వచ్చింది.

ఆదివారం పొద్దున అందులోనే కోచ్‌ని కొండ మీదికి తీసుకెళ్ళాం. ఆమె స్కూటర్ మీద పాపని అంత దూరం తేవడం మాకు ఇష్టం లేకపోయింది. డాక్టరు గేటు దగ్గర పాప సంచీ పట్టుకుని నిలబడ్డాడు. స్టీరింగ్ ముందున్న మా ఆయన్నీ, నన్నూ, తమ్ముణ్ణీ వరసగా చూశాడు.

"పికప్ బాగుందన్నది మీరే కదూ?" అన్నాడు.

తమ్ముడు నేల చూపులు చూశాడు. తండ్రి పాప జుట్టు సవరించి, సంచీ అందించి, లోపలికి వెళ్ళిపోయాడు.

తల్లీ కూతుళ్ళు వెనక సీట్లో ఒకళ్ళకొకళ్ళు అతుక్కుపోయారు. కొండ దిగాం. రైలు వంతెన వచ్చింది. పాప బుగ్గలు పూరించింది. పక్కన తల్లి కూడా పూరించింది. అద్దంలో ఇద్దరినీ చూసి నేనూ బిగబట్టాను.

కారు దగ్గింది.

వంతెన సరిగ్గా నడిమధ్యన, చీకటి నీడలో, ఆగిపోయింది.

మా ఆయన తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. పాప మొహం ఎర్రబడుతోంది.

"ముందు హజార్డ్ లైట్లు..."

"ఏవండీ! దిగి తొయ్యండి!"

ముగ్గురం దూకాం. మా ఆయన ఓ చేత్తో స్టీరింగ్ పట్టుకుని తలుపు దగ్గర, నేనూ తమ్ముడూ వెనకాల. ముసలిది గున్న ఏనుగులా బరువుగా కదిలింది. లోపల్నించి కోచ్ గొంతు వినపడింది. "వదిలెయ్యమ్మా, కారు ఆగితే లెక్కలోకి రాదు. కొత్త రూలు!" పాప అడ్డంగా తలూపింది. మొండిఘటం.

"అదే డీజిలైతే," అన్నాడు మా ఆయన రొప్పుతూ.

"టర్బో అయితే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్ళం," అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకుని తోస్తారా లేదా ఇద్దరూ!"

ముందు చక్రాలు ఎండలోకి వచ్చాయి. తర్వాత బానెట్, తర్వాత అద్దం. వెనక కిటికీ నీడ దాటిందో లేదో, "హా!" అని కేక వినపడింది. పొట్టి జుట్టు తల కిటికీలోంచి బయటికి వచ్చింది.

"గెలిచా! మళ్ళీ వెనక్కి తొయ్యండి, ఇంకోసారి!"

నేను రోడ్డు పక్క రాయి మీద కూలబడి, చేతులు చీరకి తుడుచుకుని, టైబాబుకి ఫోన్ చేశాను.